పాత బండికి పసిడి ధర... పత్రం ఉంటేనే!

* యెజ్డీ, ఆర్‌ఎక్స్‌ 100, కాంటెస్సాలపై కుర్రకారు మోజు
* పదిహేనేళ్లు దాటి, యాభై చేరని బండ్లకు దిక్కులేదు
* రాష్ట్రం మారిన ఆర్సీలతో సరిహద్దు కుటుంబాలకు చిక్కులు

పెరట్లో తుప్పు పట్టిన బండిని ఒకప్పుడు పాత ఇనుప సామాన్ల వాళ్లకు తూకానికి వేసేసేవారు. అడ్డం తొలగిందని సంతోషించేవారు కూడా. ఇప్పుడు అదే బండిని వెతుక్కుంటూ కుర్రాళ్లు ఊళ్లు తిరుగుతున్నారు. యెజ్డీ రోడ్‌కింగ్‌ ఉందా? ఆర్‌ఎక్స్‌ 100 ఉందా? కాంటెస్సా గానీ దొరుకుతుందా? మెకానిక్‌ షెడ్లలో ఇవే ఆరాలు. బళ్లారి అయినా, హోసూరు అయినా, బరంపురం అయినా పాత బండి కనబడితే చాలు, అమ్ముతారా అని అడిగేవాళ్లు తయారు.

మరి ఈ మోజు నిలిచేదేనా? తాత బండిని దాచుకుంటే రేపు మంచి రేటు వస్తుందా? వస్తుంది గానీ, అన్నిటికీ రాదు. బండి ఎంత జోరుగా పోతుందన్నది కాదు, దాని కాగితాలు ఎంత పక్కాగా ఉన్నాయన్నదే విలువను తేల్చబోతోంది.

అమెరికా చెప్పిన పాఠం

ఈ దారిలో మనకంటే ముందు నడిచింది అమెరికా. 1964లో పాంటియాక్‌ జీటీవోతో అక్కడ మజిల్‌ కార్ల జోరు మొదలైంది. ఓ మోస్తరు కారులో పెద్ద వీ8 ఇంజిన్‌ పెట్టి, కుర్రాళ్లకు అందే ధరకు అమ్మడమే దాని కిటుకు. 1970ల్లో బీమా ఖర్చులు పెరిగాయి. కాలుష్య నిబంధనలు బిగిశాయి. 1973లో చమురు సంక్షోభం వచ్చిపడింది. దాంతో ఆ కార్లు తిండిపోతు బండ్లయిపోయాయి. చాలావరకు తుక్కుకే పోయాయి.

ఆ రోజుల్లో ఆ కార్లను చూసి ఆశపడి, కొనలేకపోయిన కుర్రాళ్లే తర్వాత డబ్బున్న పెద్దలయ్యారు. ధరలు పెంచింది వాళ్లే. 2014లో సియాటిల్‌లో జరిగిన వేలంలో 1971 నాటి ప్లిమత్‌ హెమీ కుడా కన్వర్టిబుల్‌ 35 లక్షల డాలర్లకు పోయింది. అలాంటివి తయారైందే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. 2020 జనవరిలో ‘బులిట్‌’ సినిమాలో వాడిన 1968 మస్టాంగ్‌కు ఫ్లోరిడాలో 34 లక్షల డాలర్లకు పాట ముగిసింది. దానికి కొత్త రంగు వేయలేదు, సొట్టలు తీయలేదు. 1974 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది. ఇది ఆ కారేనని చూపే ఆధారాలు ఉన్నాయి. ఆ రేటు పలికించింది అవే.

ఇంకో సంగతీ ఉంది. ప్రతి తరం తన పడుచు వయసు నాటి బండినే కోరుకుంటుంది. 1960ల కార్లను ప్రేమించిన అమెరికన్లకు ఇప్పుడు వయసు మీదపడింది. ఆ తర్వాతి తరం 1990ల నాటి జపాన్‌ కార్ల వైపు చూస్తోంది. అంటే ఈరోజు గిరాకీ ఉన్న బండికి ముప్పై ఏళ్ల తర్వాతా అంతే గిరాకీ ఉంటుందన్న హామీ లేదు.

మన ‘మజిల్‌’ ఇక్కడే పుట్టింది

మన దగ్గర అంత పెద్ద ఇంజిన్లు లేకున్నా ఆ ఆకర్షణ మాత్రం ఉంది. 1984లో హిందుస్థాన్‌ మోటార్స్‌ తెచ్చిన కాంటెస్సాను ‘దేశీ మజిల్‌ కార్‌’ అని పిలుచుకుంటారు. బ్రిటన్‌లోని వాక్స్‌హాల్‌ విక్టర్‌ నమూనాపై చేసిన కారది. పొడవాటి బానెట్‌, వెడల్పాటి ఒళ్లు. తర్వాత ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్‌ పెట్టాక దమ్ము వచ్చింది. 2002లో తయారీ ఆగింది.

బైకుల్లో దక్షిణాదిదే పైచేయి. మైసూరులోని ఐడియల్‌ జావా కర్మాగారంలో 1960ల మొదట్లో జావాలు, 1973 నుంచి యెజ్డీలు తయారయ్యాయి. 1996లో అది మూతపడింది. హోసూరులో 1984లో ఇండ్‌ సుజుకి వచ్చింది. మద్రాసులో ఎన్‌ఫీల్డ్‌ బుల్లెట్లు, స్టాండర్డ్‌ హెరాల్డ్‌ కార్లు తయారయ్యాయి. ఉత్తరాదిలో తయారైనా 1985 నుంచి 1996 దాకా వచ్చిన యమహా ఆర్‌ఎక్స్‌ 100 ఊరూరా తిరిగింది. 98 సీసీ ఇంజిన్‌తో 11 హార్స్‌పవర్‌ ఇచ్చిన ఈ బండి చప్పుడు వింటే ఇప్పటికీ తల తిప్పి చూస్తారు.

కర్ణాటక, తమిళనాడుల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల చేతుల్లో ఇలాంటి బండ్లు మిగిలి ఉండటంలో వింతేమీ లేదు. పుట్టిల్లు దగ్గరే కాబట్టి పాత స్పేర్లు, చేయి తిరిగిన మెకానిక్‌లు కూడా ఈ చుట్టుపక్కలే దొరుకుతారు. బాగుచేసే చెయ్యి ఉన్నచోటే బండికి విలువ.

15... 20... 50

అసలు చిక్కు నిబంధనల దగ్గర వస్తోంది. సొంత బండి రిజిస్ట్రేషన్‌ 15 ఏళ్లకు ముగుస్తుంది. అంతమాత్రాన బండిని తుక్కు చేయాలని లేదు. ఢిల్లీ ప్రాంతంలో ప్రత్యేక ఆంక్షలున్నా, మిగతాచోట్ల ఫిట్‌నెస్‌ ఉంటే అయిదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. ఇది తెలియక చాలామంది బండిని తుక్కు రేటుకు వదిలేసుకుంటున్నారు.

అయితే పొడిగింపు ఖర్చు పెరిగింది. 2022 ఏప్రిల్‌లో కారుకు రూ.600 నుంచి రూ.5 వేలకు, బైకుకు రూ.300 నుంచి రూ.వెయ్యికి పెంచారు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన బండ్లకు దాన్ని కూడా రెట్టింపు చేశారు. అంటే కారుకు రూ.10 వేలు, బైకుకు రూ.2 వేలు. జీఎస్టీ, కొన్ని రాష్ట్రాల్లో హరిత పన్ను అదనం.

ఇక రెండో కొస చూద్దాం. 2021 జులైలో కేంద్రం ‘వింటేజ్‌’ వాహనాలకు నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్‌ జరిగి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్‌, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్తగా రిజిస్టర్‌ చేయిస్తే ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. పదేళ్లకు రుసుము రూ.20 వేలు. పాత నంబరు ఉన్న బండి దాన్ని అట్టే పెట్టుకోవచ్చు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లొచ్చు గానీ రోజువారీ తిరగడం కుదరదు.

ఈ రెండు కొసల మధ్యనే ఇరుక్కుపోయాయి మనవాళ్లు మోజుపడే బండ్లన్నీ. 1978లో వచ్చిన తొలి రోడ్‌కింగ్‌లకు 2028లో గానీ యాభై నిండవు. తొలి కాంటెస్సాకు 2034, తొలి ఆర్‌ఎక్స్‌ 100కు 2035 రావాలి. ఆఖరి ఆర్‌ఎక్స్‌ 100 అయితే 2046 దాకా ఆగాల్సిందే. 20 ఏళ్ల నుంచి 50 దాకా ఆరు పొడిగింపులు. ఇప్పటి రేట్లతోనే కారుకు రూ.60 వేలు, బైకుకు రూ.12 వేలు రుసుములకే పోతాయి. నెలకోసారి షెడ్డు దాటని బండికి, రోజూ రోడ్డెక్కే బండికి ఒకే లెక్క!

నిబంధన ఏం చేయగలదో ముంబయి చూసింది. అక్కడి ట్యాక్సీలకు 20 ఏళ్ల పరిమితి ఉంది. దాంతో నలుపు పసుపు ప్రీమియర్‌ పద్మినీ ట్యాక్సీలు 2023 అక్టోబరుతో కనుమరుగయ్యాయి. జనానికి ఎంత అభిమానం ఉన్నా గడువు ఆగలేదు.

సరిహద్దు దాటితే మరో మెలిక

ఊరు ఒక రాష్ట్రంలో, ఉద్యోగం ఇంకో రాష్ట్రంలో ఉన్న కుటుంబాలకు ఈ బాధ రెట్టింపు. అనంతపురంలో రిజిస్టరై బళ్లారిలో తిరిగిన బండి, చిత్తూరు నంబరుతో హోసూరులో ఉండిపోయిన బండి, శ్రీకాకుళం నుంచి బరంపురం చేరిన బండి ఎన్నో. చట్టప్రకారం 12 నెలలు మించి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి పాత ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్‌వోసీ, కొత్తచోట పన్ను. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు కదా అని ఊరుకున్నవాళ్లే ఎక్కువ.

అమ్మబోతే అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. ఆర్సీ పుస్తకం చేత్తో రాసిందే. కంప్యూటర్లోకి ఎక్కలేదు. ఎక్కించాలంటే మొదట రిజిస్టరైన ఆఫీసుకే పోవాలి. బండి ఇంకా తాత పేరు మీదే ఉంటుంది. ఆయన కాలం చేసి ఏళ్లయినా వారసుల పేరుకు మార్చలేదు. కొనేవాడు ఇవన్నీ చూసి రేటు సగానికి తగ్గించినా చేసేదేమీ ఉండదు. 1989 జులైకి ముందు ఇచ్చిన పాత తరహా నంబరు ప్లేటంటే సేకరించేవాళ్లు చెవి కోసుకుంటారు. రాష్ట్రం మారిస్తే ఆ నంబరూ పోతుంది.

అసలుదా... అతుకులదా?

గిరాకీ ఉన్నచోట మోసమూ ఉంటుంది. ఆర్‌ఎక్స్‌ 135 ఇంజిన్‌ను 100 బాడీకి బిగించి అమ్మడం మెకానిక్‌లకు తెలియని విద్య కాదు. ఇంజిన్‌, ఛాసిస్‌ నంబర్లు ఆర్సీతో కలవకపోతే ఆ బండి ఎంత మెరిసినా రేపు వింటేజ్‌ గుర్తింపు దగ్గర ఇబ్బందే. ముచ్చటపడి ఒరిజినల్‌ ట్యాంకు, సైలెన్సర్‌ పారేసి కొత్తవి బిగించేవాళ్లు కూడా చేజేతులా విలువ పోగొట్టుకుంటున్నట్లే. పైగా ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్‌ కలిపిన పెట్రోలు. అది తేమను పీలుస్తుంది. పాత రబ్బరు పైపులు, కార్బొరేటర్‌ వాషర్లు దాన్ని తట్టుకునేలా చేసినవి కావు. వాడకపోయినా ట్యాంకు, పైపులు చూసుకుంటూ ఉండాలి.

చేయాల్సింది ఇదీ

అమ్మినా, ఉంచుకున్నా ముందు కాగితాలు సరిచేసుకోవడం మేలు. యజమాని చనిపోతే ఫారం 31తో వారసుల పేరుకు మార్చుకోవాలి. ఆర్సీ పోతే ఫారం 26, గడువు పొడిగింపుకు ఫారం 25, ఎన్‌వోసీకి ఫారం 28. ఆలస్యమైన కొద్దీ అదనపు రుసుము పడుతుంది. కొనేవాళ్లు బేరానికి ముందే నంబర్లు సరిచూసుకోవాలి. పెట్టుబడి కోసమే అప్పు చేసి కొంటే మాత్రం చేతులు కాలొచ్చు.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. గాలి కాలుష్యం తగ్గించాలంటే రోజూ పొగ వదిలే పాత బండ్లను అదుపు చేయాల్సిందే. అందులో వాదన లేదు. కానీ ఏడాదికి కొన్ని రోజులే తిరిగే బండ్లకు 30 ఏళ్ల దగ్గరే ఓ ప్రత్యేక తరగతి పెట్టి, తిరిగే దూరానికి హద్దు గీస్తే రెండు పనులూ నెరవేరతాయి. పాత ఆర్సీలను ఏ రాష్ట్రంలో ఉన్నవాళ్లు అక్కడి నుంచే కంప్యూటర్లోకి ఎక్కించుకునే వీలు కల్పిస్తే సరిహద్దు జనానికి తిరుగుడు తప్పుతుంది. లేదంటే మైసూరులో, మద్రాసులో తయారైన బండ్లు యాభై ఏళ్లు నిండకముందే తుక్కు కొట్టు తూకంలో తేలిపోతాయి.