చెక్క చెప్పే లోహపు లెక్క

కోనసీమలో కొబ్బరి పీచు మిల్లు ఆగిపోవడానికి ఒక్క పుల్లీ విరిగితే చాలు. అటువంటిది బజారులో దొరకనప్పుడు వడ్రంగి చేత చెక్క నమూనా చేయించి, పోతపనివారి వద్దకు తీసుకుపోవలసిందే. అంబాజీపేట వైపు మిల్లు నడిపే మా బంధువు ఒకరి కోసం ఆ పని మీద వెళ్ళినప్పుడు చూసినదే ఈ నాలుగు మాటలకు కారణం.

పోతపని పెద్దాయన నమూనాను తక్కెడలో వేశారు. "రెండు కిలోలండి. పదకొండు పెట్టి గుణిస్తే ఇరవై రెండు. కాలువలకీ తరుగుకీ మరో అయిదు" అన్నారు. 27 కిలోల ఇనుము కరిగింది. పోయడం మొదలుపెట్టాక అచ్చు నిండకుండానే మూస ఖాళీ అయింది. తరువాత కరిగించి పైన పోద్దామంటే, అప్పటికే గడ్డకట్టిన లోహంతో కొత్తది కలవదు. ఆనాటి బొగ్గూ, కూలీ, అచ్చూ అన్నీ వృథా.

పెద్దాయన నేర్చిన లెక్కలో తప్పు లేదు. పోత ఇనుము లీటరుకు సుమారు 7.2 కిలోలు, ఎండిన టేకు 0.65 కిలో. ఒకదానిని మరొకదానితో భాగిస్తే వచ్చేదే ఆ 11. ఇత్తడికైతే 13. కానీ మా వడ్రంగి వాడినది ప్యాకింగు పెట్టెల పైన్ చెక్క. అది లీటరుకు 0.45 కిలోయే గనుక 16తో గుణించాలి. పుల్లీకే 32 కిలోలు కావాలి.

ఈ పద్ధతిని మొరటు లెక్క అని చదువుకున్నవారు చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. 12వ శతాబ్దంలో చాళుక్యరాజు సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసం కూడా విగ్రహపు మైనాన్ని తూచి, వెండి అయితే దానికి 12 రెట్లు తీసుకోమంటుంది. లోపమల్లా, గురువు నుండి శిష్యునికి సంఖ్య అందుతున్నది గానీ దాని పుట్టుక అందడం లేదు. పుట్టుక తెలిసినవాడు ముందుగా "ఇది ఏ చెక్క?" అని అడుగుతాడు. ముసురు రోజులలో తేమ పీల్చిన చెక్క ఎక్కువ తూగుతుందనీ, బోలు భాగాన్నీ, ఇసుక దిమ్మను నిలిపే కొసలనూ లెక్కలోంచి తీసివేయాలనీ గ్రహిస్తాడు.

సందేహమున్నచోట మరింత నమ్మకమైన దారి ఉంది. నమూనాకు పలుచగా మైనం పూసి, నిండుగా నీళ్ళున్న గంగాళంలో పూర్తిగా ముంచి, పొర్లిన నీటిని కొలవాలి. మా నమూనాకు దాదాపు నాలుగున్నర లీటర్లు పొర్లి ఉండేవి. 7.2తో గుణిస్తే 32 కిలోలు! చెక్క పేరుతో నిమిత్తమే లేదు.

సాంద్రత గురించి బడిలో మనమందరమూ చదివాము. ఆ పాఠాన్ని ఒక చెక్క నమూనాతోనూ తక్కెడతోనూ చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఐటీఐలలోనైనా ఇలా నేర్పాలి. ప్రతి నమూనా మీదా వడ్రంగి చెక్క పేరు వ్రాయాలి. అరనిమిషం పని, ఒక పూట అన్నాన్ని కాపాడుతుంది.

మీ ప్రాంతపు పోతపనివారు ఏ చెక్కకు ఎంత కడతారో తెలిసినవారు చెబితే సంతోషిస్తాను.