ప్రాణౌషధము ధనికుల సొత్తా?

వ్యాధి బీదవాని గుడిసెకు దారి యడుగకయే వచ్చును. మందు మాత్రము వాని మూట విప్పి లెక్కించిన గాని గడప దాటదు. యాంటీబాడీలనబడు ప్రతిరక్షకౌషధముల విషయమున ఈ యన్యాయము పరాకాష్ఠ నందినది. కాన్సరునకు, కీళ్లవాతమునకు, పిచ్చికుక్కకాటునకు నేడు ఇట్టి మందులు గలవు. కాని 2020లో వెల్‌కమ్ ట్రస్టు, ఐ.ఎ.వి.ఐ. సంస్థలు ప్రకటించిన నివేదిక ననుసరించి వీని విక్రయములో నూటికి 80 వంతులు అమెరికా, కెనడా, ఐరోపాలలోనే జరుగుచున్నది. తక్కిన లోకమంతయు మిగిలిన పిడికెడు కొరకు చేయి చాచి నిలిచినది.

ఈ విద్య యెవరి పిత్రార్జితము? ఒకే రకపు ప్రతిరక్షకమును కోరినంత పుట్టించు ఉపాయమును 1975లో కేంబ్రిడ్జియందు కోలర్, మిల్‌స్టైన్ పండితులు కనుగొనిరి. ప్రజాధనముతో నడచు ప్రయోగశాలలో పుట్టిన యా యుపాయము పేటెంటు లేకయే లోకమునకు వెల్లడియైనది. 1984లో వారికి నోబెల్ బహుమానము లభించినది. అందరికిని దక్కిన పునాదిపై మేడ కట్టి, నేడు వాకిట కావలివారిని నిలిపినారు!

ఈ మందులు జీవకణములలో తయారగును గావున వెల తగ్గుట యసాధ్యమని కొందరు వాదింతురు. లెక్క చూతము. ఒక జాతి స్తనకాన్సరునకు వాడు ట్రాస్టుజుమాబ్ అను మందును ప్రపంచారోగ్యసంస్థ 2015లో ఆవశ్యకౌషధముల పట్టికలో జేర్చినది. 2019లో ఆ సంస్థయే చెప్పిన ప్రకారము మూలకంపెనీల మందునకు సంవత్సరమునకు సగటున 20,000 డాలర్లు. ఇతరులు చేసిన సమానౌషధము నూటికి 65 వంతులు తక్కువ. తక్కువదియే 7,000 డాలర్లన్నమాట! మూడు వారములకొక పర్యాయము చొప్పున, 60 కిలోల బరువుగల స్త్రీకి ఏడాది పొడవున నిచ్చు మందంతయు గలిపినను 7 గ్రాములు నిండదు. హామ్‌స్టర్ అను చిట్టెలుకజాతి జంతువు కణములను పోషకద్రవములో పెంచి ఈ మందు దీయుదురు. నేటి మేలైన పద్ధతులలో లీటరునకు 5 గ్రాములు ఫలించును. శుద్ధిలో మూడవవంతు నష్టమైనను ఒక రోగికి రెండు లీటర్ల ద్రవము చాలును. 2,000 లీటర్ల తొట్టి ఒక్క విడతలో వేయిమంది స్త్రీల ఏడాది చికిత్సకు మందు నీయగలదు. కర్మాగారము, శుద్ధి, పరీక్షలు సులభములని మేమనము. కాని యీ భారమైన వెల తొట్టిలో లేదు. తొట్టి చుట్టు కట్టిన కంచెలో నున్నది.

“అసాధ్యము” అను మాట మనకు క్రొత్తది గాదు. హెపటైటిస్-బి టీకా సామాన్యుల కందని దినములలో, 1993లో హైదరాబాదున వెలసిన శాంతా బయోటెక్నిక్స్ వారు 1997లో ఆ టీకాను ఈస్టు కణములలో జేసి ధరను పలురెట్లు దించిరి. 2007లో అదే నగరపు డాక్టర్ రెడ్డీస్ వారు రిటుక్సిమాబ్ అను ప్రతిరక్షకమును జేసి విదేశీయుల ధరలో సుమారు సగమునకు విక్రయించిరి. 2014లో బెంగుళూరు బయోకాన్ వారు ట్రాస్టుజుమాబ్‌ను విపణికి దెచ్చిరి. ఈస్టు కంటె జంతుకణములు కష్టతరములే. ఐనను కష్టము వేరు, అసాధ్యము వేరు. అట్లని సగము ధరతో తృప్తి నొందుట మాకు సమ్మతము గాదు. కూలివానికి లక్ష రూప్యములు ఎంత దూరమో, అరలక్షయు నంతే దూరము.

కంచెలు విప్పవలయును. మొదటిది, సమానౌషధమని రుజువు చేయుటకు వందలకొలది రోగులపై మరల జరుపు వ్యయభరితపరీక్ష. ప్రయోగశాలలో సామ్యము గట్టిగా రుజువైనచో నిది సామాన్యముగ నక్కరలేదని ప్రపంచారోగ్యసంస్థ 2022లోనే యుపదేశించినది. దానిని వెంటనే ఆచరణలో బెట్టవలయును. రెండవది, మందును వడియగట్టు ప్రొటీన్-ఎ రెజిను, కణముల మేత చాలవరకు విదేశముల నుండి వచ్చుట; వీనిని స్వదేశమున జేయువారికి ప్రభుత్వము చేయూత నీయవలయును. మూడవది, ఆసుపత్రులు, చిన్నదేశములు విడివిడిగా చిల్లరబేరమాడుట. కలసి కొన్నచో తొట్టి ఖాళీగా నిలువదు, గ్రాము వెల దిగును. నాల్గవది పేటెంటు. మన 1970 నాటి చట్టములో నిర్బంధలైసెన్సు అధికారము గలదు. 2012లో ఒక కాన్సరు మాత్ర విషయమున నొక్కసారి ఝళిపింపబడిన యా ఖడ్గము అటుపిమ్మట ఒరలోనే నిద్రించుచున్నది.

చౌక యనగా నాసి యని యెవ్వరును భ్రమపడరాదు. బీదవానికి కల్తీమందు నిచ్చుట మందు నీయకుండుటకంటె ఘోరము. నాణ్యమునకు రాజీ వలదు. లాభమునకు మేర కావలయును.

ఆఫ్రికాలో, ఆసియాలో, మన పల్లెలలో తల్లులు మందు లేక కాదు, మందు ఉండియు మరణించుచున్నారు. విద్య లోకమునది, నేర్పు మన చేత నున్నది. కొరవడినది సంకల్ప మొక్కటియే. శాసనసభ్యులను, మంత్రులను ఈ ప్రశ్న యడుగుట ప్రజల ధర్మము. ఉత్తర మిచ్చువరకు విడువకుండుట పత్రికల ధర్మము. మా ధర్మమును మేము విడువము.