విద్యార్థి వ్రాత – రైతు మాట

మహానంది కోనేటి నీరు తన యడుగున బడిన నాణెమును సైతము స్పష్టముగ జూపును. ఆ క్షేత్రసీమయందే ఆచార్య ఎన్. జి. రంగా విశ్వవిద్యాలయమునకు జెందిన వ్యవసాయ కళాశాల యున్నది. ఇట్టి కళాశాలలనుండి వెలువడు వ్రాతయు నా నీటివలె నుండవలెనని కోరుట యత్యాశ గాదు.

వ్యవసాయశాస్త్ర పట్టమునకు జదువు విద్యార్థి నాలుగవ యేట గ్రామమున నివసించి, రైతులయొద్ద బని నేర్చి, నివేదిక వ్రాయవలెను. నియమము మిక్కిలి మంచిది. పదునారిన దనియు, అదను దప్పిన దనియు, చవుడు పొంగిన దనియు రైతు చెప్పగా నతడు వినును. గదికి వచ్చి కలము పట్టగానే యా మాటలన్నియు మాయమగును. వ్రాయు విధమును వానికెవ్వరు నేర్పిరి? తఱచుగా నెవ్వరును నేర్పరు. పైతరగతివారి పాత నివేదికను ముందిడుకొని దాని పోకడను బట్టుకొనును. "గమనింపబడినది", "నిర్ధారింపబడినది" అను తీరున ఇంగ్లీషు వాక్యములు పుట్టును. గమనించిన దెవరు? ఎన్ని మొక్కలను? ఏ పొలమున? ఈ ప్రశ్నలకు మాత్ర మందు జవాబుండదు. ఇది ఏ యొక్క కళాశాల దోషమును గాదు. దేశమంతట వ్యాపించిన యలవాటు.

శాస్త్రపరిభాష వలదని మేమనము. మహానంది ప్రాంతము అరటితోటలకు బేరుగన్నది. ఆకు పసుపువాఱినచో రైతు "తెగులు" అనును. అది పనామా తెగులైనచో శిలీంధ్రము మట్టినుండి వేళ్లలో బ్రవేశించును. సిగటోకా మచ్చతెగులైనచో ఆకునే పట్టును. రెండవదానికి బనికివచ్చు పిచికారి మందు మొదటిదానికి గొఱగాదు. పేరు తప్పినచో రైతు సొమ్ము మట్టిపాలగును. కావున వివేకమును గలిగించు పదము విద్య. విద్వాంసుడని పించుకొనుటకు దొడుగుకొన్న పదము వేషము. విద్యార్థి ముందుగా నేర్చునది వేషమగుటయే మా విచారము.

ఈ విచారము క్రొత్తది గాదు. ఇంగ్లండునందలి రాయల్ సొసైటీ చరిత్రను 1667లో బ్రకటించిన థామస్ స్ప్రాట్, ఆ సభవారు పండితుల భాషకంటె చేతిపనివారల, పల్లీయుల, వర్తకుల భాషయే మేలని యెంచిరని వ్రాసెను. నవీన విజ్ఞానమునకు బుట్టినిల్లే యిట్లు తలచెను! మనదేశమున గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1913లో వర్తమానాంధ్రమునుగూర్చి విజ్ఞాపనము బ్రకటించి, విద్యార్థులు సజీవభాషలో వ్రాయవలెనని పోరాడిరి. గ్రాంథికమున వ్రాయు మేమే యీ మాట చెప్పుట వింతగా దోపవచ్చును. అయినను న్యాయము న్యాయమే.

1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమి ఉన్నతవిద్యకు దెలుగు గ్రంథములను సమకూర్చెను. గ్రంథము చదివినంత మాత్రమున జాలదు, విద్యార్థి తానుగా వ్రాయవలెను. ఇంగ్లీషు నివేదిక యుండనిండు. లోకములోని శాస్త్రజ్ఞులతో మాటలాడుటకు అదియు నావశ్యకమే. దానితోబాటు రెండు పుటల తెలుగు నివేదికను వ్రాయించి, ఏ రైతు పొలమును జూచి వ్రాసిరో యా రైతు యెదుట జదివించి, అతని ప్రశ్నలకు జెప్పిన జవాబులనుబట్టి మార్కులు వేయుడు. తన పొలమునుగూర్చి వ్రాసినదానిని దాను చదువుకొనలేని రైతునకు స్వరాజ్యము సగమే వచ్చినది. తక్కిన సగమును దెచ్చియిచ్చు భారము విద్యార్థి కలముమీద నున్నది.