అంకె చూపిస్తే సరిపోతుందా?

నాగాయలంకలో గర్భిణులతో మాట్లాడుతుంటే ఒకామె తన వేలు చూపించి అడిగింది: "దీనికి క్లిప్పు పెట్టారండీ. తొంభై ఎనిమిది వచ్చింది, అంతా బాగానే ఉందన్నారు. మరి బిందె ఎత్తితే నాకు ఆయాసం ఎందుకొస్తుందండీ?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తెలుసుకున్నది మీ ముందుంచుతున్నాను.

ఆ క్లిప్పు పల్స్ ఆక్సీమీటర్. దీని సూత్రాన్ని 1974లో జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి వెల్లడించాడు. సూది గుచ్చకుండా, వేలిలోంచి రెండు రకాల కాంతిని పంపి, రక్తంలోని హిమోగ్లోబిన్‌లో నూటికి ఎంత భాగం ఆక్సిజన్ మోస్తోందో ఇది చెబుతుంది. బీపీ పెరిగి ఊపిరితిత్తుల్లో నీరు చేరిన గర్భిణికి, నెమ్ము చేసిన బాలింతకు ముంచుకొచ్చే ప్రమాదాన్ని ముందే పసిగట్టడానికి పనికొస్తుంది. ఏరు దాటి, అవనిగడ్డకో మచిలీపట్నానికో చేరాల్సిన దీవుల స్త్రీలకు ఆ కొద్ది వ్యవధే ప్రాణం.

కానీ అది చెప్పనివి ఉన్నాయి. రేవులోని పడవలు నిండాయని చెబుతుందే గాని, అసలు పడవలెన్ని ఉన్నాయో చెప్పదు. హిమోగ్లోబిన్ బాగా పడిపోయిన స్త్రీకి కూడా 98 చూపించగలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే. వారికి ఈ ఒక్క అంకె చూపి ధైర్యం చెప్పడం మోసపుచ్చడమే.

చర్మం రంగు కూడా లెక్కలోకి వస్తుంది. ఆక్సిజన్ నిజంగా తగ్గినా యంత్రం గుర్తించకపోవడం తెల్లవారికంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. మరి మన నల్లని స్త్రీల మాటేమిటి?

ఇక కడుపులోని బిడ్డ సంగతి. తల్లి వేలి మీది అంకె బిడ్డది కాదు. ఉమ్మనీరు పోయాక లోపలికి పంపి బిడ్డ చెంపకు ఆనించే కాంతి పరికరానికి అమెరికా 2000లో అనుమతినిచ్చింది. 5341 మంది స్త్రీలతో జరిపిన అధ్యయనం 2006లో వెలువడింది. సిజేరియన్లు తగ్గలేదు, బిడ్డల ఆరోగ్యమూ మెరుగుపడలేదు. ఇప్పుడు పొట్ట మీద నుంచే కాంతి పంపి బిడ్డ ఆక్సిజన్ తెలుసుకునే పరిశోధనలు సాగుతున్నాయి. మంచిదే. కానీ అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల కాన్పుల్లో 63 శాతం సిజేరియన్లు. కొత్త యంత్రం కోతకు మరో సాకు కాకూడదు.

యంత్రాలు వద్దని మనం అనడం లేదు. ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ ఉండాలి. అయితే అంకెతోపాటు హిమోగ్లోబిన్ పరీక్షా చేయాలి. ఆ రెండింటి అర్థం ఆమెకు తెలిసే మాటల్లో చెప్పాలి. అంకె బాగున్నా, ఆయాసమంటే ఆమె మాట నమ్మాలి. కొత్త పరికరం మనలాంటి స్త్రీలకు సరిగ్గా పనిచేస్తుందన్న రుజువు చూపాలి. మన మీద ప్రయోగించేటప్పుడు మన సమ్మతి అడగాలి.

ఆమెకు రక్తపరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ ఏడు దగ్గర ఉంది. ఆయాసం వస్తోందని ఆమె అప్పటికి రెండు నెలలుగా చెబుతూనే ఉంది.