బిడ్డ నిద్రకు టైం టేబుల్ సరే, మరి ఇంటికి?



మన ఇళ్లలో ఈమధ్య ఒక కొత్త తకరార్ నడుస్తోంది. ఆరునెలల బిడ్డకు పొద్దున ఒక నిద్ర, మధ్యాహ్నం ఒక నిద్ర, రాత్రి ఏడుకల్లా పడక అని బహూ ఫోనులో చూసి కాగితం మీద రాసి గోడకు అంటిస్తుంది. "బచ్చాకు గడియారం చూడ్డం వచ్చా? నీంద్ వస్తే పడుకుంటాడు, రాకపోతే ఆడుకుంటాడు" అని దాదీ నవ్వుతుంది. ఇద్దరి మాటలోనూ సచ్చాయీ ఉంది. నా రాయ్ మాత్రం ఇది: బిడ్డకు పాబందీ నేర్పాలంటే ముందు ఇల్లు తన వఖ్తులు సరిచేసుకోవాలి. లేదంటే ఆ కాగితం తల్లి నెత్తిన ఇంకో బరువు, అంతే.

ముందు దాదీ మాట. మొదటి మూడు నెలల్లో బిడ్డ ఒంటికి రాత్రీ పగలూ తేడా ఇంకా సరిగ్గా తెలియదు. ఆకలేస్తే లేస్తాడు, పాలు తాగి పడుకుంటాడు. అప్పుడు గడియారం పెట్టడం జుల్మే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం మూడు నెలల లోపు బిడ్డకు రోజుకు 14 నుంచి 17 గంటల నిద్ర కావాలి. 4 నుంచి 11 నెలల వాళ్లకు 12 నుంచి 16 గంటలు, ఏడాది నుంచి రెండేళ్ల లోపు వాళ్లకు 11 నుంచి 14 గంటలు. పగటి కునుకులు కూడా ఇందులోనివే. ఎంత నిద్ర అన్నదే ఈ లెక్క, ఎన్నింటికి అన్నది కాదు.

ఇప్పుడు బహూ మాట. నాలుగైదు నెలలు దాటాక బిడ్డ నిద్రకు తనంతట తానే ఒక తర్తీబు వస్తుంది. దాన్ని పట్టుకుని మెల్లగా ఒక వేళకు తేవడం తప్పు కాదు. ఏడుపు ఆకలిదా నిద్రదా అన్నది తెలుస్తుంది, తల్లికి కాస్త సుకూన్ దొరుకుతుంది. అయితే గడియారాన్నే హాకిమ్ చేయడం వేరు. న్యూజిలాండ్‌లో 1907లో ప్లంకెట్ సొసైటీ పెట్టిన ట్రూబీ కింగ్ పాలు కూడా గడియారం చూసే పట్టమన్నాడు. 1946కల్లా అమెరికా డాక్టర్ స్పాక్ తల్లులతో మీ మీద మీరు భరోసా పెట్టుకోండి అన్నాడు. అంటే ఈ బహస్ మన ఇంట్లోనే పుట్టింది కాదు.

ఇక మన వజ్రపుకొత్తూరు, పలాస, టెక్కలి సంగతి. ఫోనులో దొరికే ఆ టైం టేబుల్ మన సూర్యుణ్ణి చూసి రాసింది కాదు. గడియారం దేశమంతా ఒకటే అయినా హైదరాబాద్ కంటే మనకు దాదాపు 25 నిమిషాలు ముందే తెల్లారుతుంది. జూన్‌లో ఐదుంబావుకల్లా పొద్దు పొడుస్తుంది, జనవరిలో ఆరున్నర అవుతుంది. ఫజర్‌కు ఇల్లు లేస్తుంది, కోళ్లు కూస్తాయి, బిడ్డా లేస్తాడు. ఏడింటిదాకా పడుకోబెట్టాలని జిద్దు పడితే ఓడిపోయేది తల్లే. బిడ్డ లేచే వేళనే ఖాయం చేసుకుని మిగతావి దాన్నిబట్టి లెక్కేసుకోండి. అది కుదిరాక రాత్రి పడక, ఆ తర్వాతే పగటి కునుకులు. మార్పు రెండు మూడు రోజులకు పది పదిహేను నిమిషాల చొప్పున చాలు. ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది పిల్లలు పగలు ఒక్క నిద్రకే వస్తారు, తొందర వద్దు.

"మేం ఆరుగురిని పెంచాం, ఏ కాగితమూ లేదు" అంటారు నానీలు. నిజమే. కానీ ఆ రోజుల్లో ఇషా అయ్యాక లాంతరు తగ్గించేవాళ్లు, ఇల్లంతా పడుకునేది. కాగితం లేకపోయినా పాబందీ ఉండేది. ఇప్పుడు పదిన్నరకు భోజనాలు, పదకొండుకు టీవీ, చేతిలో రీల్స్. ఆ వెలుగులో, ఆ చప్పుడులో బిడ్డ ఒక్కడే ఏడున్నరకు పడుకోవాలా?

పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసే తల్లుల మసలా ఇంకా పెద్దది. వాళ్ల టైం టేబుల్ యజమాని చేతిలో ఉంటుంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లలను చూసుకునే గది ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ 2017లో చట్టం మార్చారు. అది తల్లి హఖ్, ఎవరి మెహర్బానీ కాదు. చిన్న యూనిట్లలో చేసేవాళ్లకు ఆ హఖ్ కూడా లేదు. అక్కడ బిడ్డ ఎప్పుడు పడుకోవాలో నిర్ణయించేది తల్లి పని గంటలే. అలాంటి తల్లికి కాగితం చూపించి నసీహత్ చేయకండి. పగలు బిడ్డను చూసే నానీకో ఖాలాకో అదే తర్తీబు చెప్పి ఉంచండి, చాలు.

రమ్జాన్‌లో కూడా ఇంతే. తరావీహ్‌కు వెళ్లినవాళ్లు వచ్చేదాకా బిడ్డను మేలుకొలిపి ఉంచడం, సహరీ గిన్నెల చప్పుడుకు లేపడం, పండగయ్యాక "వీడి ఆదత్ చెడిపోయింది" అనడం. చెడగొట్టింది వాడు కాదు కదా.

ఒక ఎహతియాత్. చీర ఉయ్యాల్లో ఊపి నిద్రపుచ్చడం మన రివాజే, కానీ రాత్రంతా అందులోనే వదిలేయకండి. గట్టి, చదునైన పడక మీద వెల్లకిలా పడుకోబెట్టడమే క్షేమం. బరువు తక్కువ ఉన్న బిడ్డకు రాత్రి పాలు మాన్పించే ముందు డాక్టర్ మష్వరా తీసుకోండి.

అబ్బాలకు చివరగా ఒక మాట. గోడమీద కాగితం అంటించే ముందు దాంట్లో ఒక వరుస మీరు రాయండి: రాత్రి ఎన్నింటికి టీవీ ఆపుతారు, ఎన్నింటికి బిడ్డను ఎత్తుకుంటారు. ఆ వరుస ఖాళీగా ఉంటే మిగతాదంతా దండగ.