మన ప్రయోగశాలకు ఎక్స్-కిరణములు: ఏది ముందు?

రాంట్‌జెన్ 1895లో ఎక్స్-కిరణములను కనుగొన్నాడు. నేటికిని మన విద్యార్థులలో అధికులకు అవి పాఠ్యపుస్తకములోని పటముగానో, ఆసుపత్రి ఫిల్ముగానో మాత్రమే పరిచయము. బల్లపై అమరునంతటి చిన్న పల్సు యంత్రములు వచ్చిన ఈ కాలములో మన కళాశాలకు ఒకటి తెప్పించరాదా అన్న ఉత్సాహము సహజమే. ఆ ఉత్సాహమును మేము అభినందిస్తున్నాము. అయితే యంత్రము కంటె ముందు ప్రశ్న ఉండవలెనని మా అభిప్రాయము.

సాధారణ ఎక్స్-రే నాళములో ఎలక్ట్రానులు లోహమును ఢీకొన్నపుడు వాటి శక్తిలో సుమారు 1 శాతమే కిరణములుగా మారును, తక్కినదంతయు వేడియే. పల్సు యంత్రములో కెపాసిటర్లను సమాంతరముగా నింపి, శ్రేణిలో ఒక్కసారిగా విడుదల చేయుదురు. సెకనులో కొన్ని కోట్లవ వంతు మాత్రమే నిలుచు మెరుపు పుట్టును. ఎడతెగక పనిచేయదు కనుక చల్లార్చుటకు భారీ ఏర్పాట్లు అక్కరలేదు. అందుచేతనే అది చిన్నది.

ఇక మన ప్రశ్న ఏమిటి? మార్కాపురము పలకలకు ప్రసిద్ధి. పలకరాతిని కోయునపుడు లేచే ధూళిలో స్ఫటిక సిలికా ఉండును. సిలికోసిస్ వ్యాధికి మూలము అదియే. ఛాతీ ఫిల్ములో మచ్చలు కనబడునాటికి జరుగవలసిన హాని జరిగిపోవును. ధూళిలో సిలికా ఎంత ఉన్నదో ఎక్స్-కిరణ వివర్తనము ముందే చెప్పగలదు. దీనికి సాధారణ నాళమే చాలును. ఉలి దెబ్బకు పలక లోలోపల ఎట్లు చీలుచున్నదో చూడవలెనన్నపుడే పల్సు మెరుపు అవసరము.

చిన్నది కనుక అపాయము లేదనుకొనుట పొరపాటు. అతి స్వల్పకాలపు మెరుపును గైగర్ కౌంటరు సరిగా లెక్కింపజాలదు. ముల్లు తక్కువ చూపినంత మాత్రమున మోతాదు తక్కువని నమ్మరాదు. రక్షణ గోడలు, మోతాదు కొలిచే బ్యాడ్జీలు, శిక్షణ పొందిన అధ్యాపకుడు, 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, ఇవన్నియు యంత్రము కంటె ముందు రావలెను.

కావున కళాశాల సంఘమునకు మా మనవి ఒక్కటే. మొదట విద్యార్థుల చేత పలక ధూళి నమూనాలు సేకరింపజేసి, వివర్తన పరికరము గల విశ్వవిద్యాలయమునకు వారిని పంపండి. కొలుచుట నేర్చిన పిమ్మట పరికరము మాట ఆలోచింతము. పలకపై అక్షరములు దిద్దిన మనము, ఆ పలకను చేసిన వారి ఊపిరికి ఋణపడి ఉన్నాము.