కారులోని పాట: కంపెనీ స్పీకర్లా, కోఠీ స్పీకర్లా?

సుల్తాన్ బజారునుండి గుజరాతీ గల్లీలోనికి తిరిగినవారికి మొట్టమొదట చెవిని బడునది పాటల పోట్లాట. ఒక దుకాణమున ఒక పాట, ఎదుటి దుకాణమున మరియొకటి, రెండింటి నడుమ బేరము. స్పీకర్లకును, ఆంప్లిఫయర్లకును, వాని విడిభాగములకును ఈ ప్రాంతము నగరమంతట పేరు పడినది. కారు కొన్న పది దినములకే అందులోని కంపెనీ స్పీకర్లను ఊడదీయించి క్రొత్తవి బిగించుకొనుటకు ఇచ్చటికి వచ్చువారనేకులు. మా విద్యార్థుల తండ్రులును, అన్నలును వారిలో కలరు. కనుక ఈ విషయమై మా యభిప్రాయమును ఈ సంచికలో విన్నవించుట అనుచితము కాదని తలంచుచున్నాము.

కారులో సంగీతము మొదట బయటివారు తెచ్చిపెట్టినదే. 1930లో అమెరికాలో గాల్విన్ కంపెనీవారు మోటరోలా యను పేర అమ్మిన రేడియోను కొన్నవారు తమ కారులో తరువాత అమర్చుకొనవలసి వచ్చెడిది. కార్లు చేయువారు ఆ పనిని క్రమముగా తమ చేతిలోనికి తీసికొనిరి. 1983వ సంవత్సరపు నమూనాలుగా వెలువడిన జనరల్ మోటార్స్ వారి కొన్ని కార్లకు, ఆచార్య అమర్ బోస్ గారి సంస్థ ఆయా కారు లోపలి ఆకారమునకు తగినట్లు స్పీకర్లను కూర్చి యిచ్చినది. కంపెనీ స్పీకరనగానే హీనమని పెదవి విరుచువారు ఈ సంగతి నెరుగవలెను. నేటి కార్లు కొన్నింటిలో స్టీరియో తన స్పీకర్ల లోపములను తానే సవరించుకొనునట్లు ముందుగనే సరిచేయబడి యుండును. వానిని మాత్రము తీసి వేరొకటి పెట్టినచో, ఎక్కువ ధర పెట్టి తక్కువ సుఖము కొనుక్కొన్నట్లగును.

అయినను చవుక కార్ల సంగతి వేరు. పలుచని కాగితపు కోను, చిన్న అయస్కాంతము, ప్లాస్టిక్ చట్రము: కంపెనీవారు అచ్చట చేసిన పొదుపు చూడగనే తెలియును. కొన్నింట వెనుక తలుపులలో స్పీకర్లే యుండవు. దానికితోడు మన యెండలు. వేసవిలో నిలిపిన కారు పొయ్యివలె కాగును. వానకాలమున అద్దపు సందునుండి నీరు తలుపులోనికి దిగును. ఏండ్లు గడచునప్పటికి కోను అంచు పెళుసెక్కి చిరుగును, స్పీకరు బరబరలాడును. అట్టి స్థితిలో మార్పించుకొనుట న్యాయమే.

మా యభ్యంతరమంతయు పెట్టెమీది అంకెలపైనే. మూడువందల వాట్లు, ఐదువందల వాట్లు అని బంగారు రంగు అక్షరములతో అచ్చువేసియుందురు. అవి క్షణమాత్రము తాళగల గరిష్ఠశక్తి యంకెలు. ఎడతెగక భరించు శక్తి వేరుగ చిన్న యక్షరములలో, ఆర్.ఎం.ఎస్. అను గుర్తుతో నుండును. చూడవలసినది దానిని. పైతరగతుల విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూతురుగాక. స్టీరియోపై 50 వాట్లు నాలుగింతలని వ్రాసియున్నది. దాని వెనుక ఫ్యూజు 10 ఆంపియర్లది. ఇంజను నడచుచుండగా వోల్టులు ఇంచుమించు 14. ఈ రెంటిని హెచ్చవేసినచో లోనికి పోవునదే 140 వాట్లు. అందులో కొంత వేడిగా పోవును. మరి 200 వాట్లు బయటికెట్లు వచ్చును? ఎడతెగక ఒక్కొక్క తలుపునకు ఇరువది వాట్లు చేరినచో అదియే గొప్ప.

ఇంత తక్కువ శక్తితో పలుకవలసిన స్పీకరునకు కావలసిన గుణము సెన్సిటివిటీ. ఒక వాటు ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరమున ఎన్ని డెసిబెల్ల ధ్వని వచ్చునో అది తెలుపును. 90 డెసిబెల్ల స్పీకరునకు పది వాట్లిచ్చిన వచ్చు ధ్వని, 87 డెసిబెల్లదానికి ఇరువది యిచ్చిన గాని రాదు. బరువైన ఖరీదు స్పీకరు తెచ్చి కంపెనీ స్టీరియోకు తగిలించి, పాతదానికంటె మెల్లగా పలుకుచున్నదని వాపోవువారి కష్టమునకు తరచుగా ఇదియే కారణము.

అద్దెకారు నడుపుకొను ఒక విద్యార్థి తండ్రి మమ్ము కలిసి, "సారూ, ముందు స్పీకర్లు చినిగినయి, నాలుగూ మార్చి, డిక్కీలో పెద్ద డబ్బా పెట్టుమంటున్నరు" అని యడిగెను. ముందు జత మాత్రము మార్పించి, మిగులు సొమ్ములో కొంత తలుపులకు ఖర్చు చేయుడని మేము చెప్పితిమి. తలుపు రేకు లోపల బ్యూటైల్ అట్టలు అంటించి, లోపలి రంధ్రములు మూసినచో, స్పీకరు వెనుకనుండి వెడలు గాలి అల ముందరి యలను రద్దుచేయుట తగ్గును. తబలా, మృదంగము నిండుగ వినబడును. కంపెనీ తీగలను కోయనీయక, ఆ కారునకు సరిపడు కప్లరు వేయించుకొనవలెను. తీగ కోసినచో వారంటీ తగవు వచ్చును. ప్లస్ మైనస్ తారుమారైన జత గంభీరధ్వనిని పోగొట్టుకొనును. ఒకటిన్నర వోల్టు సెల్లును స్పీకరు కొనలకు క్షణకాలము తాకించినచో, సరియైన వరుసలో నున్నప్పుడు కోను ముందునకు జరుగును. డిక్కీలోని డబ్బా మాట యెత్తినప్పుడు ఆయన నవ్వి, "సామాను యాడ పెట్టాలె?" అనెను. మాకు జవాబు చెప్పు పని తప్పినది.

ఈ అంగళ్లకు దూరము కాని తావునే, కోఠీలో, ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రి కలదు. ప్రసూతి ఆసుపత్రియు కలదు. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానముల చుట్టు కనీసము 100 మీటర్లు నిశ్శబ్ద మండలముగా ప్రకటింపవచ్చును. అట్టిచోట హద్దు పగలు 50, రాత్రి 40 డెసిబెల్లు. కారు అద్దములు దించి ఊరంతకు పాట వినిపించువారికి ఈ యంకెలు తెలిసినట్లు కానరాదు.

ఇంతకంటె మమ్ము బాధించునది వేరొకటి. పదవ తరగతి ముగించి ఈ దుకాణములలో పని నేర్చుకొన బోవు బాలురు దినమంతయు ఆ ధ్వనిలో నిలిచియుందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సంగీతము వినుటకు పిల్లలకు సూచించిన హద్దు వారమునకు 40 గంటలు, 75 డెసిబెల్లు. మూడు డెసిబెల్లు పెరిగిన కొలది ఆ కాలము సగమగును. 85 డెసిబెల్లు చేరునప్పటికి వారమంతటికి నాలుగు గంటలే మిగులును. బాలుడు దానిని ఒక్క పూటలో ముగించును. పని మంచిదే, అన్నము పెట్టు విద్యయే. కుమారుని చేర్చునప్పుడు తండ్రులు యజమానితో జీతము మాట్లాడుదురు గదా. స్పీకరు పరీక్షించు వేళ చెవులకు బిరడా లిచ్చెదరా యనియు, దినమున కెన్ని గంటలు పరీక్షల యొద్ద నిలిపెదరనియు ఆ మాటలోనే అడుగవలసినదని మా మనవి.